ఒకసారి పోస్తే మళ్లీ పోయదా?

1767 ఆగస్టులో లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యుల సంఘంలో విలియం హెబర్డెన్ ఆటలమ్మ మీద ఒక చిన్న పత్రం చదివాడు. అందులో ఒక ప్రయోగం ఉంది. బాగా ముదిరి, రసం చీములా చిక్కబడిన పొక్కుల కోసం వెతికి, ఆ రసంలో ఆయన ఒక దారప్పోగును తడిపాడు. గతంలో ఆటలమ్మ వచ్చి తగ్గిన ఒక మనిషి చేతి మీద చిన్న గాటు పెట్టి, ఆ పోగును గాటుకు ఆనించి కట్టాడు. గాయం వెంటనే మానింది. రోగం అంటిన జాడ కనిపించలేదు. వచ్చినవాళ్లకు మళ్లీ రాదని జనం అనుకునే మాటను హెబర్డెన్ ఆ విధంగా తన చేతులతో పరీక్షించి చూశాడు.

సాధారణంగా ప్రాణం తీయని ఈ పిల్లల జబ్బు మీద అంత పేరున్న వైద్యుడు అంత శ్రద్ధ పెట్టడానికి కారణం మశూచి. ఆ రోజుల్లో ఇంగ్లండులో మశూచి రసాన్ని చేతిమీద గాటు పెట్టి ఎక్కించడం బాగా సాగుతున్న వృత్తి. ఎక్కించుకున్నవాడు తేలికపాటి మశూచి పడి లేస్తే జన్మకు భయం లేదు. ఒకడికి ఆటలమ్మ వచ్చిందనుకుందాం. అది మశూచేనని నమ్మి, తనకిక మశూచి రాదన్న ధీమాతో అతను రోగుల మధ్య తిరిగితే ప్రాణం మీదకు వచ్చేది. రిచర్డ్ మోర్టన్ 1694లో ఆటలమ్మను మశూచిలోనే ఒక మెత్తని రకంగా లెక్కగట్టాడు. హెబర్డెన్ ఆ లెక్క తప్పన్నాడు. ఆటలమ్మ పొక్కుల్లో మొదటి రెండు మూడు రోజులకే నీరు పట్టి, ఐదో రోజుకల్లా పెచ్చు కడుతుందనీ, మశూచి పొక్కు ఆ వేళకు ఇంకా పండనే పండదనీ చూపాడు.

ఇక్కడొక తిరకాసు ఉంది. రెండు రోగాలను వేరు చేయడానికి హెబర్డెన్ వాడిన ఆధారాల్లో 'ఒకసారి వస్తే మళ్లీ రాదు' అన్నది కూడా ఒకటి. మశూచి పడిన పిల్లలకు ఆటలమ్మ వచ్చింది, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు మశూచి వచ్చింది, కాబట్టి ఇవి రెండూ వేరు. ఏ రోగమైనా ఒక మనిషికి ఒకసారే వస్తుందని ఒప్పుకుంటేనే ఈ వాదన నిలుస్తుంది. తర్వాతి వైద్యులు ఆ మెట్టును మరిచిపోయి నియమాన్ని మాత్రం పట్టుకున్నారు. ఎవరికైనా ఆటలమ్మ రెండుసార్లు వచ్చిందంటే, అందులో ఒకటి ఆటలమ్మ కాదని కొట్టేశారు. పొక్కును కంటితో చూసి పేరు పెట్టడం తప్ప మరో పరీక్ష లేని కాలంలో ఈ వాదనను ఓడించే దారి లేదు. నా ఉద్దేశంలో, ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో రెండో ఆటలమ్మ కేసులు పుస్తకాలకు ఎక్కకపోవడానికి వాటి అరుదుతనం కొంతే కారణం, మిగతాది ఈ వాదన బలమే.

హెబర్డెన్ మాట కూడా అందరూ ఒప్పుకోలేదు. మశూచికి జెన్నర్ టీకా వచ్చాక 1818-19లో ఎడిన్‌బరోలో పొక్కుల జ్వరం వ్యాపించి, టీకా వేసుకున్నవాళ్లకూ మశూచి పడినవాళ్లకూ సోకింది. అక్కడి వైద్యుడు జాన్ థామ్సన్ 1820లో పుస్తకం రాసి, ఆటలమ్మ, మశూచి ఒకే విషం చూపే రెండు రూపాలన్నాడు. వియన్నాలో చర్మవ్యాధుల పెద్ద ఫెర్డినాండ్ హెబ్రా, ఆయన శిష్యులు పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలోనూ అదే పట్టు పట్టారు. 1875లో ప్రేగ్‌లో స్టైనర్ ఆటలమ్మ పొక్కుల నీటిని పిల్లలకు ఎక్కించి ఆటలమ్మనే పుట్టించాడు, మశూచిని కాదు.

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో బిలిబిద్ అనే పెద్ద జైలు ఉండేది. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో అక్కడి ఖైదీల్లో పొక్కులు లేచాయి. మశూచి అయితే జైలంతా ప్రమాదంలో పడుతుంది. హార్వర్డ్ నుంచి వచ్చిన ఎర్నెస్ట్ టిజర్ పొక్కులున్న చోట చర్మపు ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. చాలా కణాలు కలిసిపోయి ఏర్పడిన పెద్ద కణాలు, వాటి కేంద్రకాల్లో ఎర్రగా రంగు పట్టిన ముద్దలు కనిపించాయి. ఆ రసం కోతులకు అంటలేదు. 1906లో అచ్చయిన ఆయన పత్రంతో ఆటలమ్మకు మొట్టమొదటిసారి కంటిచూపుకు మించిన గుర్తు దొరికింది. అయినా ఊళ్లలో ఈ గందరగోళం తీరలేదు. 1975లో భారతదేశంలో మశూచి ఆఖరి దశకు వచ్చాక, మశూచి కేసు చూపినవారికి ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమానం ప్రకటించింది. సిబ్బంది పరిగెత్తి వెళ్లి చూసినవాటిలో చాలా భాగం ఆటలమ్మే. అరచేతులు, అరికాళ్లు చూసేవారు. మశూచి పొక్కులు ముఖం, కాళ్లు చేతుల మీద దట్టంగా, అన్నీ ఒకే ఈడున ఉంటాయి. ఆటలమ్మ పొక్కులు ఛాతీ, వీపు మీద ఎక్కువ. ఒక పక్క పెచ్చు, పక్కనే కొత్త నీటిబొట్టు.

రెండోసారి వస్తుందా అన్న ప్రశ్నకు అసలు మలుపు బుడాపెస్టులో వచ్చింది. పిల్లల వైద్యుడు యానోష్ బొకాయ్ 1888 ప్రాంతంలో ఒక చిత్రం గమనించాడు. ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరికైనా సర్పి లేస్తే, రెండు వారాలు తిరక్కుండా ఆ ఇంటి పిల్లలకు ఆటలమ్మ పోస్తోంది. ఇలాంటి ఇళ్లు ఒకటికి రెండు కనిపించాక 1892లో ఆ సంగతి రాశాడు. సర్పి అంటే వీపుకో నడుముకో ముఖానికో ఒక్క పక్కనే పట్టీలా లేచే మంటల పొక్కులు. పెద్దల జబ్బు. పిల్లల ఒంటినిండా లేచే దురద పొక్కులకూ దానికీ చుట్టరికం ఉందనడం ఆనాడు చాలామందికి వింతగా తోచింది. మన తెలుగు ఇళ్లలోనూ ఆటలమ్మను అమ్మవారి ఖాతాలో, సర్పిని వేరే ఖాతాలో వేయడమే అలవాటు.

1925లో వియన్నా వైద్యుడు కుండ్రటిట్స్ సర్పి పొక్కుల నీటిని చిన్నపిల్లలకు ఎక్కించాడు. కొందరికి ఆటలమ్మ వచ్చింది. వారి దగ్గరున్న పిల్లలకూ అంటింది. అంతకుముందే ఆటలమ్మ పడ్డ పిల్లలకు మాత్రం ఏమీ కాలేదు. ఇప్పుడైతే ఏ నైతిక సంఘమూ ఇలాంటి పనికి అనుమతి ఇవ్వదు. కానీ హెబర్డెన్ దారప్పోగు ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు ఆ రోజుల్లో మరొకటి లేదు. రెండూ ఒకటే విషం, ఒకసారి పడ్డవాడికి బయటినుంచి మళ్లీ అంటించడం కష్టం. మరి ఆ పెద్దమనిషికి సర్పి ఎక్కడినుంచి వచ్చింది? 1943లో బోస్టన్ వైద్యుడు జోసెఫ్ గార్లండ్ దీనికి ఒక ఊహ చెప్పాడు. చిన్నప్పటి ఆటలమ్మ విషమే లోపల దాగి ఉండి మళ్లీ లేస్తోందేమో అన్నాడు.

ఊహ రుజువు కావాలంటే వైరస్‌ను పట్టి పెంచాలి. ఆ విషయంలో ఆటలమ్మ వైరస్ ఎంత మొండిదో చెప్పే కథ ఒకటుంది. 1948లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో థామస్ వెల్లర్ మానవ పిండపు కణజాలం వేసిన సీసాలు సిద్ధం చేశాడు. నాలుగింట్లో ఆటలమ్మ రోగి గొంతు కడిగిన నీళ్లు పోశాడు. నాలుగింట్లో, దగ్గరే ఉందికదా అని, పోలియో వైరస్ వేశాడు. నాలుగు ఉత్తవి. ఆటలమ్మ పెరగలేదు, పోలియో పెరిగింది. ఆ పక్కచూపు పని పోలియో టీకాకు దారి తీసి, సహ పరిశోధకులు ఎండర్స్, రాబిన్స్‌తో పాటు వెల్లర్‌కూ 1954 నోబెల్ తెచ్చిపెట్టింది. వెల్లర్ ఆటలమ్మను మాత్రం వదల్లేదు. 1953 నాటికి పొక్కుల నీటినుంచి ఆ వైరస్‌ను పెంచగలిగాడు. ఆల్బర్ట్ కూన్స్‌తో కలిసి మెరిసే రంగు కట్టిన యాంటీబాడీలతో పరీక్షించి, ఆటలమ్మ రోగి నుంచి తీసినదీ సర్పి రోగి నుంచి తీసినదీ ఒకలాగే ప్రవర్తిస్తున్నాయని 1954లో చూపాడు.

అయితే ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ప్రయోగశాలలో పనిచేయలేదు. ఎడ్గార్ హోప్ సింప్సన్ ఇంగ్లండులో సిరెన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో మామూలు డాక్టరు. ఆయన చేతికింద ఉన్న జనం మూడున్నర వేలు. అందరి జబ్బులూ రాసి పెట్టుకోవడం ఆయన అలవాటు. 1952లో ఇళ్లలో అంటురోగాలు ఎలా పాకుతాయో లెక్క కట్టి, ఇంట్లో ఒకరికి ఆటలమ్మ వస్తే ఇంతకుముందు రాని పిల్లల్లో దాదాపు 61 శాతం మందికి అంటుతోందని చెప్పాడు. తట్టు విషయంలో ఆ లెక్క 76 శాతం దాకా ఉంది. అంటే ఒకే ఇంట్లో తిరిగినా తప్పించుకునే పిల్లలు కొందరుంటారు. వాళ్లనే తల్లిదండ్రులు 'పోసే ఉంటుంది, మనం చూడలేదు' అనుకుంటారు. పదేళ్ల తర్వాత వచ్చినప్పుడు అదే 'రెండోసారి' అయిపోతుంది.

1947 నుంచి 1962 దాకా పదహారేళ్లలో ఆ మూడున్నర వేల మందిలో 192 సర్పి కేసులు ఆయన కళ్లముందు వచ్చాయి. ఏడాదికి వెయ్యికి 3.4 చొప్పున. ఆయన వాటిని ఊళ్లో ఆటలమ్మ వచ్చిన నెలలతో పక్కపక్కన పెట్టి చూశాడు. ఆటలమ్మ గుంపులు గుంపులుగా, కాలాన్ని బట్టి వస్తుంది. సర్పి ఏడాది పొడుగునా విడివిడిగా వస్తోంది. ఊరంతా ఆటలమ్మతో పొక్కుతున్నప్పుడు సర్పి పెరగడం లేదు. బయటినుంచి అంటే పెరగాలి కదా. వయసు మీదపడేకొద్దీ మాత్రం పెరుగుతోంది, ఎనభై దాటినవారిలో వెయ్యికి పది దాకా. సర్పి లేచే చోట్లు కూడా ఆటలమ్మ దట్టంగా లేచే చోట్లే: మొండెం, ముఖం.

షెట్లాండ్ దీవుల్లోని యెల్‌కు కూడా ఆయన వెళ్లాడు. కొద్దిమందే ఉండే దీవి. అలాంటి చోట తట్టు వచ్చి పిల్లలందరినీ చుట్టబెట్టి అంతరించిపోతుంది, పడవ మళ్లీ మోసుకొస్తే తప్ప రాదు. తట్టు నిలవాలంటే లక్షల జనం కావాలి. ఆటలమ్మ మాత్రం వెయ్యిమంది లేని చోట కూడా తరాలపాటు నిలుస్తోంది. తాతకు సర్పి లేస్తే మనవలకు ఆటలమ్మ వస్తోంది. వైరస్ ఎక్కడికీ పోవడం లేదు, పెద్దవాళ్ల ఒంట్లోనే ఒక తరాన్ని దాటేస్తోంది.

1965లో అచ్చయిన పత్రంలో ఆయన తన ఊహను ఇలా పేర్చాడు. ఆటలమ్మ లేచినప్పుడు వైరస్ చర్మంనుంచి నరాల వెంట ఎక్కి వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో చేరుతుంది. అక్కడ నిద్రపోతుంది. అప్పుడప్పుడు కదిలినా శరీరపు రక్షణశక్తి అణిచివేస్తుంది. ఆ శక్తికి బలం రెండు వైపులనుంచి వస్తుంది: లోపలి కదలికలనుంచి, బయట ఆటలమ్మ ఉన్న పిల్లల దగ్గర మసలినప్పుడు మళ్లీ లోపలికి చేరే వైరస్‌నుంచి. బలం ఒక గీత కంటే తగ్గిన రోజున సర్పి లేస్తుంది. ఇందులో చాలామంది గమనించకుండా దాటేసిన మాట ఒకటుంది. 'బయటినుంచి మళ్లీ లోపలికి చేరే వైరస్' అంటే రెండోసారి సోకడమే. పొక్కు లేవదు కాబట్టి జబ్బు అనం, అంతే. ఆటలమ్మ ఉన్న బిడ్డకు సేవ చేసిన తల్లుల రక్తంలో రక్షణకణాలు మళ్లీ చురుకెక్కడాన్ని 1983లో యాన్ ఆర్విన్ బృందం కొలిచి చూపింది. కనిపించని రెండో సోకడం చాలా మామూలు సంగతి.

హోప్ సింప్సన్ ఊహలోని మిగతా సగం కూడా అదే ఏడాది రుజువైంది. వేరే కారణాలతో చనిపోయినవారి నరాల ముడుల్లో ఈ వైరస్ జన్యుపదార్థం దొరికింది. 1984లో స్టీఫెన్ స్ట్రాస్ బృందం రోగనిరోధక శక్తి సరిగా లేని ఒకే రోగి నుంచి మొదట ఆటలమ్మప్పుడూ తర్వాత సర్పి అప్పుడూ తీసిన వైరస్‌ల డీఎన్‌ఏను ఎంజైములతో ముక్కలు చేసి పోల్చింది. రెంటి ముక్కల వరస ఒక్కటే. చాలామంది విషయంలో 'మళ్లీ వచ్చింది' అంటే లోపలున్నదే లేచిందన్నమాట. పిల్లల్లోనూ ఇది ఉంది. మొదటి పుట్టినరోజు లోపు ఆటలమ్మ పోసిన పిల్లలకు చిన్నతనంలోనే సర్పి లేచే అవకాశం ఎక్కువని 1985లో మిన్నెసోటాలోని రోచెస్టర్ వైద్య రికార్డులు చెప్పాయి. తల్లినుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉండగా, బిడ్డ సొంత రక్షణ ఇంకా కుదురుకోకుండా వచ్చిన జబ్బు గట్టి ముద్ర వేయదు.

మరి అచ్చంగా ఆటలమ్మే, ఒళ్లంతా లేచి, రెండోసారి? 1984లో న్యూయార్కులో ఆన్ గెర్షన్, ఆమె సహచరులు ప్రయోగశాల ఆధారాలతో అలాంటి కేసులను వైద్య పత్రికలో పెట్టారు. గతంలో వచ్చి రక్షణ ఉన్నవారికే మళ్లీ, ఎక్కువగా తేలికగా వచ్చిన జబ్బు అది. హెబర్డెన్ నియమానికి అది మొదటి గట్టి దెబ్బ. 1995లో కాలిఫోర్నియాలో యాంటిలోప్ వ్యాలీ అనే ప్రాంతంలో ప్రతి ఆటలమ్మ కేసునూ వెతికి పట్టి మాట్లాడే నిఘా మొదలైంది. తమకు ఇంతకుముందే వచ్చిందని చెప్పినవారు ఆ ఏడాది 4.5 శాతం, 1999లో 13.3 శాతం. 2002లో అచ్చయిన ఈ అంకెలు చూసి, రెండో ఆటలమ్మ అనుకున్నంత అరుదు కాదేమో అని పరిశోధకులు ప్రశ్న వేశారు. వాళ్లలో ఎక్కువమంది మామూలు ఆరోగ్యం ఉన్నవారే.

ఆ అంకెలను ఉన్నవున్నట్టు మింగకూడదు. అప్పుడే అమెరికాలో మొదలైన ఆటలమ్మ టీకా వల్ల ఆ లోయలో మొదటిసారి ఆటలమ్మ తగ్గుతూ పోయింది, అందువల్ల మిగిలిన కేసుల్లో 'రెండోవి' వాటా పెరుగుతుంది. పైగా మొదటి జబ్బు జ్ఞాపకం మీద ఆధారపడ్డది. చెయ్యి, కాలు, నోటి జబ్బు, పురుగు కుట్టిన దద్దుర్లు, చీము పొక్కులు, అన్నీ ఒక పిల్లవాడి ఒంటిమీద ఆటలమ్మలాగే కనిపించగలవు. ఒకప్పుడు వైద్యులు రెండో కేసును వినకుండానే కొట్టేసేవారు. ఇప్పుడు విన్నంతనే నమ్మే ప్రమాదం వచ్చింది. పొక్కు పెచ్చును పీసీఆర్‌కు పంపితే తేలిపోతుంది. పంపేవాళ్లు తక్కువ.

మన దగ్గర ఈ చిక్కు మరింత. తెలుగు ఊళ్లలో అమ్మవారు పోసిన ఇంటికి డాక్టరును పిలవడం ఈమధ్య దాకా ఆచారం కాదు. వేపాకు పరిచి, పసుపు నీళ్లు పోసి, పెద్దవాళ్లే పేరు పెట్టేవారు. కాబట్టి 'చిన్నప్పుడు పోసింది' అన్న మాటకు కాగితం ఉండదు. వేడి దేశాల్లో ఈ రోగం ఐరోపాలోకంటే ఆలస్యంగా, యవ్వనంలో, పెద్దయ్యాక రావడం ఎక్కువ. కలకత్తా చుట్టుపక్కల చేసిన ఒక పరిశీలన 1998లో, పల్లెల్లో పెద్దవాళ్లు కూడా ఆటలమ్మ తగలకుండానే పెరుగుతున్నారని చెప్పింది. అమెరికా చదువులకు బయలుదేరే మన పిల్లలకు ఈ సంగతి మరో విధంగా తగులుతుంది. చాలా విశ్వవిద్యాలయాలు ఆటలమ్మకు రెండు డోసుల టీకా కాగితమో రక్తపరీక్ష ఫలితమో అడుగుతాయి. అమ్మమ్మ జ్ఞాపకం అక్కడ చెల్లదు. భారత ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. పిల్లల వైద్యుల సంఘం మాత్రం రెండు డోసులు వేయించమంటుంది.

ఆ టీకా ఒసాకా వైద్యుడు మిచియాకి తకహాషిది. 1964లో హ్యూస్టన్‌లో ఉండగా తన మూడేళ్ల కొడుకు ఆటలమ్మతో తీవ్రంగా బాధపడటం చూశాక ఆయన ఆ పని మీద కూర్చున్నాడు. ఓకా అనే ఇంటిపేరున్న పిల్లవాడి పొక్కుల వైరస్‌ను మనిషి కణాల్లో 11 సార్లు, గినీ పంది కణాల్లో 12 సార్లు మార్చి మార్చి పెంచి బలహీనపరిచి, 1974లో ప్రకటించాడు. అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. టీకా వచ్చాక 'రెండోసారి' అన్న ప్రశ్న కొత్త వేషం వేసుకుంది. టీకా కూడా ఒక చిన్న ఆటలమ్మే కాబట్టి, వేసుకున్న పిల్లవాడికి అసలుది వస్తే అది రెండో సోకడమే. న్యూహాంప్‌షైర్‌లో ఒక పిల్లల సంరక్షణ కేంద్రంలో 2000-01 చలికాలంలో జబ్బు పాకితే, ఒక్క డోసు 44 శాతమే కాపాడిందని తేలింది. అలా వచ్చినవి సాధారణంగా యాభైలోపు పొక్కులతో, జ్వరం లేకుండా పోతాయి. ఇతర చోట్ల ఒక్క డోసు అంతకంటే బాగానే పనిచేసినా, ఇలాంటి అనుభవాలు పోగై 2006లో అమెరికా రెండు డోసుల లెక్కకు మారింది.

హోప్ సింప్సన్ సొంత దేశం మాత్రం ఆయన మాట మీదే ఆగిపోయింది. పిల్లలందరికీ టీకా వేస్తే ఆటలమ్మ మాయమవుతుంది, పెద్దవాళ్ల రక్షణకు బయటినుంచి దొరికే బలం ఆగిపోతుంది, సర్పి పెరుగుతుంది అన్నది బ్రిటన్ సలహా సంఘాల లెక్క. రెండో సోకడం పెద్దలకు మేలు చేస్తుందన్న ఆ తర్కంతో, దేశంలో పిల్లలకు సాధారణ టీకాగా ఇది రెండు దశాబ్దాలకు పైగా రాలేదు. కానీ పిల్లలకు టీకా వేసిన అమెరికాలో సర్పి అంచనా వేసినంతగా ఎగబాకలేదు. పైగా టీకా వేసుకున్న పిల్లల్లో సర్పి, వేసుకోనివారికంటే 78 శాతం తక్కువని 2019లో అచ్చయిన పెద్ద అధ్యయనం చెప్పింది. 2023 నవంబరులో బ్రిటన్ సలహా సంఘం టీకాను సిఫారసు చేసింది. 2025లో ప్రభుత్వం ఒప్పుకుని, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాతో కలిపి రెండు డోసులు ఇస్తామంది. హోప్ సింప్సన్ 2003లో, తొంభై అయిదేళ్ల వయసులో పోయాడు. ఆయన లెక్క ప్రకారం ఎనభై అయిదు దాకా బతికినవారిలో సగం మందికి ఒకసారైనా సర్పి లేస్తుంది.